నిస్వార్థమే వీరలక్షణం: మన గన్నవరం సీతమ్మ గారు



ఈ ప్రత్యేక సంచికకు వీరులను గురించి ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు కొంత తటపటాయించాను. ముప్ఫై ఆరు సంవత్సరాలు ప్రభుత్వ కార్యాలయాల్లో నోట్‌ఫైళ్ళు వ్రాసిన చేయి ఇది. "తమ ఆదేశములకై సమర్పించడమైనది" అనే వాక్యం వచ్చినంత సులువుగా దీనికి మరో వాక్యం రాదు. పైగా నేను చరిత్రకారుణ్ణి కాను. ముక్తేశ్వరం రేవు గట్టున పుట్టి, రిటైరయ్యాక మళ్ళీ ఆ గట్టుకే చేరి, సాయంత్రం పూట గౌతమి అవతల కోటిపల్లి వైపు చూస్తూ కూర్చునే ఒక విశ్రాంత గుమాస్తాను. అయినా ఒప్పుకున్నాను. మా ఊరికి ఒక పూట ప్రయాణంలో ఉన్న గన్నవరంలో పుట్టినిల్లు కాకపోయినా మెట్టినిల్లుగా జీవించిన ఒక ఇల్లాలిని గురించి ఎప్పటికైనా నాలుగు మాటలు వ్రాయాలని నాకు చాలా కాలంగా కోరిక. ఆమె డొక్కా సీతమ్మ గారు. ఆ కోరిక వెనుక నా సొంత కారణం ఒకటి ఉన్నది. దానిని చివరలో చెబుతాను.

వీరుడు అనగానే మనకు కత్తి, డాలు, గుర్రం కళ్ళ ముందు కదులుతాయి. 1757లో బొబ్బిలి కోటలో ప్రాణాలర్పించినవారు, 1924 మే 7న కొయ్యూరు వద్ద తుపాకి గుండ్లకు ఎదురు నిలిచిన అల్లూరి సీతారామరాజు గారు గుర్తుకు వస్తారు. వారంతా వీరులే, సందేహం లేదు. అయితే మన పెద్దలు అలంకార శాస్త్రంలో వీరరసాన్ని చెబుతూ ఒక్క యుద్ధవీరంతో ఆగలేదు. దానవీరం, దయావీరం, ధర్మవీరం అని మరి మూడింటిని కలిపి నాలుగుగా చెప్పారు. అంటే చేతిలో కత్తి లేనివాడు కూడ వీరుడు కావచ్చునని మనవారు ఏనాడో అంగీకరించారు. ఈ నాలుగింటికీ సామాన్యమైన గుణం ఏమిటని ఆలోచిస్తే నాకు ఒకటే తోస్తున్నది. తనకు ఏమి మిగులుతుందని చూసుకోకుండా ముందుకు వెళ్ళడం. యుద్ధవీరుడు ప్రాణం లెక్క చూడడు. దానవీరుడు ధనం లెక్క చూడడు. లెక్క చూసుకుని దూకినవాణ్ణి మనం తెలివిగలవాడంటాము గాని వీరుడనము.

ఆకలి రోజులు, నీళ్ళు వచ్చిన రోజులు

సీతమ్మ గారి కథ తెలియాలంటే ముందు ఆ కాలపు గోదావరి సీమ తెలియాలి. ఈనాడు కోనసీమ అంటే కొబ్బరి చెట్లు, పచ్చని చేలు, అన్నపూర్ణ అని వర్ణిస్తాము. రెండు వందల సంవత్సరాల క్రితం పరిస్థితి అది కాదు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువును జనం "డొక్కల కరువు" అన్నారు. మనుషుల డొక్కలు వెన్నుకు అంటుకుపోయిన కరువు అది. గుంటూరు సీమలో అయిదు లక్షల జనాభాలో దాదాపు రెండు లక్షల మంది పోయారంటే ఎంతటి ఉపద్రవమో ఊహించుకోవచ్చు. ఆ దెబ్బ నుండి కోలుకోక మునుపే 1839 నవంబరులో కోరంగి వైపు సముద్రం పొంగి ఉప్పెన వచ్చింది. రేవులు, ఓడలు, ఊళ్ళు కొట్టుకుపోయాయి. పక్కనే గోదావరి నిండుగా పారుతున్నా ఆ నీరు వరదగా వచ్చి ముంచిపోయేది, లేదా వృథాగా సముద్రంలో కలిసేది.

ఆ స్థితి మార్చినవారు ఆర్థర్ కాటన్ దొర గారని కోనసీమలో చిన్న పిల్లవాడు కూడ చెబుతాడు. 1847లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని మొదలై 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయలుగా కట్టిన ఆనకట్ట అది. వేలాది కూలీలను సమకూర్చి, వారి అవసరాలు చూసి, పని నడిపించడంలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు వీణెం వీరన్న గారు. కాటన్ దొరగారు ఎండల్లో తిరిగి ఆరోగ్యం పాడై, మధ్యలో సెలవు పెట్టి వెళ్ళవలసి వచ్చింది. అయినా తిరిగి వచ్చి పని పూర్తి చేయించారు. సర్వీసు ముగిసి ఇంగ్లండు చేరిన తరువాత కూడ భారతదేశానికి రైళ్ళకన్న కాలువలు ముఖ్యమని పెద్దలతో వాదిస్తూనే ఉండి, 1899లో 96 సంవత్సరాల వయస్సులో కన్నుమూశారు. ఆ లెక్కన ఆయన కూడ మనలాగే ఒక పెన్షనరు. రిటైరయ్యాక నాకెందుకు అనుకోని పెన్షనరు.

ఇక్కడ గుమాస్తా బుద్ధితో ఒక సంగతి చెప్పాలి. కాటన్ దొరగారు కంపెనీ ప్రభుత్వాన్ని ఒప్పించింది కేవలం కరుణను గురించి చెప్పి కాదు. ఇంత ఖర్చు పెడితే ఇంత శిస్తు తిరిగి వస్తుందని లెక్కలు చూపి ఒప్పించారు. ఆయన మనస్సులో దయ ఉన్నది, కాగితం మీద లెక్క ఉన్నది. ప్రభుత్వం అన్న తరువాత లెక్క లేనిదే పైసా కదలదు, కదలకూడదు కూడ. అందులో తప్పేమీ లేదు.

ఆనకట్ట తరువాత కాలువలు వచ్చాయి. మధ్య డెల్టా నీటిని వైనతేయ పాయ మీదుగా అవతలి నగరం సీమకు చేర్చడానికి గన్నవరం దగ్గర 49 కమానులతో అక్విడక్టు కట్టారు. దానిని కట్టించినవారు హేగ్ దొర. కింద నది పారుతుంటే పైన కాలువ పారేది. నా చిన్నతనంలో మా నాన్నగారు చూపించడానికి తీసుకు వెళ్ళినప్పుడు నేను ఆ కమానులు లెక్కపెట్టబోయి మూడు సార్లు తప్పాను. లెక్కల మీద మోజు నాకు అప్పటి నుంచే ఉన్నట్లున్నది.

నీళ్ళు వచ్చాయి, పంటలు పండాయి, గాదెలు నిండాయి. అయితే గాదె నిండిన ప్రతి ఇంటా పొయ్యి పరాయివాడి కోసం వెలగలేదు. ధాన్యం చాలా మందికి పండింది. సీతమ్మ గారు మాత్రం ఒక్కరే.

బువ్వన్న గారి అమ్మాయి

సీతమ్మ గారు 1841 అక్టోబరులో మండపేటలో జన్మించారు. తండ్రి అనుప్పిండి భవానీశంకరం గారు, తల్లి నరసమ్మ గారు. తండ్రిగారు అడిగినవారికల్లా అన్నం పెట్టేవారట. అందుకని ఊరివారు ఆయనను "బువ్వన్న" అని పిలిచేవారు. పిల్లలు తినే బువ్వ పేరుతో ఒక పెద్దమనిషిని పిలిచారంటే అది ఎగతాళి కాదు, బిరుదే. చిన్న వయస్సులోనే తల్లి పోవడంతో ఆ ఇంటి వంట, వడ్డన సీతమ్మ గారి మీద పడ్డాయి.

ఆమెను వివాహమాడినవారు లంకల గన్నవరం వాస్తవ్యులు డొక్కా జోగన్న గారు. ఆయన ఏదో పండిత సభకు వెళ్ళి వస్తూ, భోజనం వేళకు మండపేటలో భవానీశంకరం గారింట ఆగారనీ, ఆ ఇంటి ఆదరణ చూసి ఆ ఇంటి పిల్లనే చేసుకోవాలని నిశ్చయించుకున్నారనీ మా వైపు చెప్పుకుంటారు. కట్నాలు, కానుకల మీద కాక ఒక పూట భోజనం మీద కుదిరిన సంబంధం అన్న మాట. డొక్కల కరువు చూసిన సీమలో డొక్కా వారి ఇంటనే డొక్కలు నింపే పొయ్యి వెలగడం విచిత్రమైన యోగం. ఇది కేవలం మాటల పొందిక అని నాకు తెలుసు గాని, చెప్పకుండా ఉండలేకపోయాను.

రేవు కాచుకున్న మనిషి ఆకలి

ఈనాటి పిల్లలకు ఒక అనుమానం రావచ్చు. అన్నం పెట్టడం అంత గొప్పా? దారిలో ఏ హోటల్లోనో తినవచ్చు గదా? ఆనాటి ప్రయాణం తెలిస్తేనే దీనికి జవాబు దొరుకుతుంది.

కోనసీమ అంటే గౌతమి ఒక పక్క, వసిష్ఠ ఒక పక్క, దిగువన సముద్రం. మధ్యలో వైనతేయ పాయ. లోపలికి రావాలన్నా, బయటికి పోవాలన్నా ఆనాడు పడవ ఎక్కక తప్పేది కాదు. ఎదుర్లంక, యానాం మధ్య వంతెన 2002లో గాని రాలేదు. నా చిన్నతనంలో మా రేవులో పంటు తప్పిపోతే మరో పంటు వచ్చేవరకు గట్టు మీద కూర్చోవలసిందే. చీకటి పడితే, గాలి లేస్తే, వరద వస్తే ఆ కూర్చోవడం తెల్లవార్లూ సాగేది. నాకు తెలిసిన కాలమే ఇలా ఉంటే, అంతకు ముందు నూరేళ్ళ నాటి సంగతి ఏమని చెప్పాలి? చేతిలో చద్దిమూట అయిపోతే, అటుకులు నిండుకుంటే, అంతే. పూటకూళ్ళ ఇల్లు ప్రతి ఊళ్ళో ఉండేది కాదు. ఉన్నా డబ్బు కావాలి. సత్రం ఉన్నా అది అందరికీ కాదు, కులం చూసి ఆకు వేసేవారు. ఆకలి వేసినవాడు తన కులంవాళ్ళ ఇల్లు వెదుక్కుంటూ పోవాలి. దొరకకపోతే నీళ్ళు తాగి పడుకోవాలి.

లంకల గన్నవరం అటువంటి దారి మీద ఉన్న ఊరు. అంతర్వేది తీర్థానికి పోయేవారు, లంకల్లో పనికి పోయేవారు, బంధువుల ఇళ్ళకు పోయేవారు అటే పోవాలి. అలా వచ్చినవారికి వేళా పాళా చూడకుండా, కులం, మతం అడగకుండా వండి వడ్డించిన ఇల్లు సీతమ్మ గారిది. ఇది చెప్పినంత తేలిక కాదు. కట్టెల పొయ్యి, దంపుడు బియ్యం, బావి నీళ్ళు. అర్ధరాత్రి పదిమంది వస్తే ఎసరు పెట్టి, అత్తెసరు దించి, పప్పు ఉడికించి, ఆకులు కోసి వేసేసరికి ఎంత శ్రమో మన ఇళ్ళలో ఆడవారిని అడగండి. ఒక పెళ్ళికో, సంతర్పణకో అలా చేయడం వేరు. ఏడాదిలో అన్ని రోజులూ, దశాబ్దాల తరబడి చేయడం వేరు. దేశం కోసం ఒక్కరోజు ప్రాణమిచ్చినవాడిని మనం వీరుడంటాము. రోజుకు ఇంత చొప్పున జీవితమంతా ఇచ్చిన ఇల్లాలిని ఏమనాలి?

మా నాయనమ్మది కోటిపల్లి వైపు. ముక్తేశ్వరం కోడలిగా వచ్చింది. ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు మేము పిల్లలం "ఎవరండీ మీరు, ఏ ఊరు?" అని ప్రశ్నలు వేస్తుంటే కసిరేది. "అన్నం పెట్టేటప్పుడు పేరు అడక్కూడదురా. కాళ్ళు కడుక్కోమనాలి" అనేది. ఈ మాట నీకెవరు చెప్పారే అంటే గన్నవరం వైపు చెయ్యి చూపించేది. సీతమ్మ గారి పేరు నేను మొదట విన్నది ఆవిడ నోటనే.

అంతర్వేది ప్రయాణం, ఢిల్లీ దర్బారు

సీతమ్మ గారిని గురించి కోనసీమలో చెప్పుకునే కథలు చాలా ఉన్నాయి. వాటిలో రెండు మాత్రం ఇక్కడ వ్రాస్తాను.

ఇంటి పనితో ఎక్కడికీ కదలలేని ఆమె ఒకసారి ఎలాగో తీరిక చేసుకుని అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి బయలుదేరారు. దారిలో ఒక చోట ఆగినప్పుడు, ఎదురుగా వస్తున్న ప్రయాణీకులలో పిల్లలు ఆకలి అని ఏడుస్తుంటే పెద్దలు వారిని ఊరుకోబెడుతున్నారు. కాసేపు ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మ గారింట కడుపునిండా తిందాం అన్న మాట ఆమె చెవిని పడింది. అంతే. స్వామి దర్శనం మానుకుని వెనుకకు తిరిగి, వారికంటే ముందుగా ఇల్లు చేరి వంట మొదలు పెట్టారు. దేవుడి దర్శనం పుణ్యం. ఆ పుణ్యం తనకే దక్కుతుంది. పిల్లల ఆకలి తీరితే తనకు దక్కేది పొయ్యి సెగ. ఆమె రెండవది ఎంచుకున్నారు. డబ్బు వదులుకున్నవారిని చూశాము. పుణ్యాన్ని కూడ వదులుకున్నవారు అరుదు.

రెండవది అందరికీ తెలిసినది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భంగా 1903 జనవరిలో ఢిల్లీలో పెద్ద దర్బారు జరిగింది. ఆ ఉత్సవానికి రమ్మని సీతమ్మ గారికి పిలుపు వచ్చింది. ఆనాడు ఆ పిలుపు కోసం రాజులు, జమీందారులు ఎదురు చూసేవారు. ఆమె రానన్నారు. తాను వెళితే ఇక్కడకు వచ్చినవారికి అన్నం ఎవరు పెడతారన్నది ఆమె కారణం. చివరకు కనీసం ఫొటో అయినా ఇమ్మని అధికారులు కోరారు. దానికీ ఆమె ఒప్పుకోలేదనీ, ఫొటో పంపకపోతే తన ఉద్యోగానికే ముప్పు అని వచ్చిన అధికారి బతిమాలుకుంటే, ఆయన ఉద్యోగం నిలబెట్టడానికి మాత్రమే కూర్చున్నారనీ చెబుతారు. ఆ ఫొటోనే దర్బారులో ఒక కుర్చీలో ఉంచి గౌరవించారట.

ప్రభుత్వ ఉద్యోగులమైన మనకు ఈ కథలో ఆ అధికారి అవస్థ బాగా అర్థమవుతుంది. పైనుంచి ఉత్తర్వు, కింద కాదనే మనిషి, మధ్యలో నలిగేవాడు. ఆమె తన గౌరవం కోసం కదలలేదు గాని, ఎవరో ఒక ఉద్యోగి అన్నం పోతుందంటే కదిలారు. అదీ ఒక విధమైన అన్నదానమే.

ఇలాంటి పని ఆమె ఒక్కరే చేశారని నేను అనడం లేదు. సిక్కుల గురుద్వారాలలో లంగరు శతాబ్దాలుగా సాగుతున్నది. తమిళనాడులోని వడలూరులో రామలింగస్వామి గారు 1867లో ప్రారంభించిన ధర్మశాల నేటికీ నడుస్తున్నది. అయితే వాటి వెనుక ఒక మతం, ఒక సంస్థ, భక్తుల కానుకలు ఉన్నాయి. సీతమ్మ గారి వెనుక ఒక కుటుంబం, దాని పొలం, కాదనని భర్త ఉన్నారు. జోగన్న గారిని కూడ మనం మరచిపోకూడదు. ఇంటి ఆస్తి అన్నంగా కరిగిపోతుంటే పక్కన నిలబడి ఊరుకున్న భర్తది కూడ చిన్న త్యాగం కాదు. మనలో ఎంతమంది ఊరుకోగలం?

సీతమ్మ గారు 1909 ఏప్రిల్ 28న కన్నుమూశారు. గన్నవరంలో పాత అక్విడక్టు పక్కన తరువాతి కాలంలో కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. నీరు తెచ్చినవారి పేరు ధవళేశ్వరంలో బ్యారేజీకి, అన్నం పెట్టినవారి పేరు గన్నవరంలో కాలువకు, బడిలో పళ్ళానికి. ఈ పొందిక బాగుంది. ఒక్క మాట. ఆమె తన పేరు దేనికీ పెట్టమనలేదు.

నా సొంత సంగతి

ఇక మొదట చెబుతానన్న సంగతి. 1996 నవంబరు 6న కోనసీమను తుపాను కొట్టిన రాత్రి మనలో చాలా మందికి మరపురానిది. మరో నాలుగు రోజులలో దీపావళి. తెల్లవారేసరికి కొబ్బరి తోటలు దువ్వెనతో దువ్వినట్లు ఒకే వైపు పడి ఉన్నాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. నేను అప్పుడు కోనసీమలోనే ఒక కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. ఇళ్ళు పోయినవారి దరఖాస్తులు తీసుకుని జాబితా తయారు చేసే పని నాది.

ఒక ముసలావిడ వచ్చింది. ఒంటరి మనిషి. "ఇల్లు ఎగిరిపోయిందండి, నా పేరు రాయండి" అన్నది. రేషన్ కార్డు గాని, ఇంటిపన్ను రసీదు గాని తెమ్మన్నాను. "ఇల్లే పోతే కార్డు ఎక్కడుంటాది బాబూ" అన్నది. ఏదైనా ఆధారం ఉండాలమ్మా, రేపు రా అన్నాను. మర్నాడు మళ్ళీ వచ్చింది. మళ్ళీ పంపేశాను. నాపై అధికారులెవరూ అలా పంపమనలేదు. పరిశీలించి వ్రాసే వీలు నాకు ఉన్నది. రేపు ఆడిట్‌లో నా మీదకు వస్తుందేమో అన్న భయంతో వ్రాయలేదు. నిజం ఇదే.

ఆ రోజుల్లోనే మా కార్యాలయం ఆవరణలో మా అటెండరు రాళ్ళు పేర్చి పొయ్యి వెలిగించాడు. తన ఇంటి నుంచి బియ్యం మూట మోసుకు వచ్చి, పడిపోయిన చెట్ల మట్టలు విరిచి మంట పెట్టి, వరుసలో నిలబడినవారికి మధ్యాహ్నం పూట గంజి కాచి పోశాడు. అతని ఇంటికి కూడ కప్పు లేచిపోయిందని నాకు తరువాత తెలిసింది. నేను వెనుకకు పంపిన ముసలావిడ వెళ్తూ వెళ్తూ ఆ చెట్టు కింద కూర్చుని గంజి తాగడం కిటికీలోంచి చూశాను. సాయంత్రం అతణ్ణి పిలిచి, "ఎంతమందికి పోశావోయ్?" అని అడిగాను. అలవాటు అటువంటిది.

"ఆయ్, లెక్కెట్టలేదండి" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆవిడ పేరు అనుబంధ జాబితాలో వ్రాశాను. అప్పటికి ఆవిడ కూతురి ఊరు వెళ్ళిపోయిందన్నారు. ఆ ఊరి పేరు ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. మంజూరైన సొమ్ము తీసుకోవడానికి ఆవిడ మళ్ళీ రాలేదు. ఆ పేరు ఎదుట సంతకం గడి ఖాళీగానే ఉండి, సొమ్ము తిరిగి జమ అయింది. ఆ జమ చలానా వ్రాసింది కూడ నేనే. ఆ రోజు మా కార్యాలయంలో నియమాలు తెలిసినవాణ్ణి నేను. మా నాయనమ్మ చెప్పిన మాట తెలిసినవాడు మాత్రం అతను.

నేను 2008లో రిటైరయ్యాను. అతను అంతకు ముందే రిటైరయి, కొన్నాళ్ళకు కాలం చేశాడు. అతని భార్యకు ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు సరిచేయడానికి నేను నాలుగు సార్లు తిరిగాను. దానితో నా బాకీ తీరిందని అనుకోవడం లేదు. అలా అనుకుంటే మళ్ళీ లెక్క వ్రాసినట్లే.

నా స్వభావం పూర్తిగా మారిందని కూడ చెప్పుకోలేను. ఆ మధ్య ఒక మంచి పనికి నూట పదహార్లకు మరో సున్నా చేర్చినంత చందా ఇచ్చాను. దాతల పేర్ల బోర్డు పెట్టగానే వెళ్ళి చూశాను. ముందు చూసింది నా పేరు. నా ఇంటిపేరులో ఒక ఒత్తు తప్పు పడింది. రెండు రోజులు అన్నం సహించలేదు. ఇంట్లో మా ఆవిడ "సీతమ్మ గారిని గురించి వ్యాసం వ్రాసేది మీరేనా?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న ఇక్కడ వ్రాసి ఆ ఋణం కొంత తీర్చుకుంటున్నాను.

ఒక మనవి

నిస్వార్థం అంటే ఆస్తి అంతా పంచిపెట్టడమని, అది మనవంటి పెన్షన్ మనుషులకు సాధ్యం కాదని కొందరు మిత్రులు అంటారు. సీతమ్మ గారి జీవితం చూస్తే నాకు వేరే విధంగా తోస్తున్నది. ఆమె చేసిన పని ఎదుట ఉన్న ఆకలికి ఆ క్షణాన జవాబు చెప్పడం. ఆ పొయ్యి దగ్గర నుంచి కదలకపోవడం. ఎంత పెట్టాను, ఎవరికి పెట్టాను, ఎవరు మెచ్చారు అని చూసుకోకపోవడం. ఇందులో మొదటిదానికి కొంత సొమ్ము కావాలి. మిగిలిన రెండింటికీ మనస్సు చాలు.

మన చుట్టూ ఆకలి రూపం మారింది. మన సంఘంలోనే మంచం మీద నుంచి లేవలేని పెన్షనర్లు ఉన్నారు. భర్త పోయాక ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియని సోదరీమణులు ఉన్నారు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ల సమయం వచ్చేసరికి, వేలిముద్ర పడక, ఫోను వాడడం రాక, పెన్షన్ ఆగిపోతుందేమో అని దిగులు పడేవారు ఎందరో. పిల్లలు దూరదేశాల్లో ఉండి, పలకరించే మనిషి కోసం గుమ్మం వైపు చూసేవారు ఇంకా ఎందరో. కాగితం పని మనకు వచ్చిన విద్య. జీవితమంతా జీతం తీసుకుని చేసిన ఆ పనిని ఇప్పుడు జీతం లేకుండా చేయవచ్చు.

కనుక నా మనవి ఇది. ఓపిక ఉన్న సభ్యులం వారానికి ఒక పూట వంతులు వేసుకుని, రాలేనివారి ఇళ్ళకు మనమే వెళదాము. వారి కాగితాలు చూసి, ఒక అరగంట కూర్చుని, రెండు మాటలు మాట్లాడి వద్దాము. ఈ పనికి రిజిస్టరు వద్దు, ఫొటోలు వద్దు, బోర్డు అసలే వద్దు.

కార్యదర్శి గారూ, ఈ పనికి నా పేరు అందరికంటే ముందు వ్రాసుకోండి అని వ్రాయబోయి ఆగాను. ఎక్కడా వ్రాయవద్దు. ముక్తేశ్వరం రేవు గట్టుకు కబురు చేస్తే చాలు, వస్తాను.

సెలవు.